కేకలమ్మ ఆవ: పేరు పిలిచే రేవు

కొండల నడుమ విశాలంగా పరచుకొన్న ఈ మంచినీటి సరస్సును చుట్టుపక్కల వారు ‘ఆవ’ అంటారు. తూర్పు రేవులో నోరు తెరచుకొని ఉన్న శిలారూపమే కేకలమ్మ తల్లి. నోరు ఎందుకు తెరచి ఉన్నదని భక్తులు అడుగుతుంటారు. అరచి అరచి అలాగే ఉండిపోయింది నాయనా! నీట దిగేవారు తేలడానికి నడుముకు ఎండిన ఆనపబుర్ర, అదే సొరకాయ బుర్ర, కట్టుకోవాలని, ఒడ్డున ఒక మనిషిని నిలబెట్టుకోవాలని బోర్డు పెట్టించాము. ఆ బోర్డు పక్కనే ఫోటో దిగి, బుర్ర లేకుండా నీటిలో దూకుతారు. అర్చకుడినైన నాకే ఒళ్లు మండిపోతుంటే తల్లికి మండదా?

పూర్వం ఇక్కడ గుడి లేదు, రేవు మాత్రమే ఉండేది. గవరయ్య అనే గేదెల కాపరి, అతని భార్య పైడమ్మ ఈ గట్టున కాపురముండేవారు. గవరయ్య గొప్ప ఈతగాడు. ఆ సంగతి అతనికి మరీ ఎక్కువగా తెలుసు. ఒక మధ్యాహ్నం పైడమ్మ కునుకు తీస్తుండగా తల్లి కలలో కనబడి, “ఆవ నడుమ ఊటలున్నాయి. ఆ చల్లదనానికి పిక్కలు పట్టేస్తాయి. నీ మొగుణ్ణి బుర్ర కట్టుకోమను. నువ్వు ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తూ ఉండు. చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది,” అని విసుక్కున్నది.

పైడమ్మ బుర్రకు తాడు కట్టి తెచ్చింది. “ఈత నేర్సుకునే పిల్లగుంటలకి కట్టే బుర్ర నాకేటే?” అని గవరయ్య దానిని ఒడ్డునే పడవేశాడు. ఇక పేరు పిలవడమా! మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని ఆ కాలపు ఆడవారి నమ్మకం. పైడమ్మ ఆ ఊసే ఎత్తలేదు.

ఒక పుష్యమాసపు ఉదయం, అవతలి గట్టుకు పోయిన దూడ కోసం గవరయ్య ఈదుతుండగా మంచు కమ్ముకున్నది. ఊటల దగ్గర కాలు పట్టేసింది. ఒడ్డు ఎటున్నదో తెలియలేదు. “ఓలయ్యోయ్! ఇటు రా!” అని పైడమ్మ అరిచింది. దూరాన అవతలి గట్టున, గేదెలతో నీట దిగిన మగవారి కోసం వారి భార్యలూ “ఓలయ్యోయ్! ఇటు రా!” అనే అరుస్తున్నారు. అందరి మొగుళ్లూ ఓలయ్యలే! ఏ కేక తనదో తెలియక గవరయ్య అటూ ఇటూ తిరిగి అలసిపోయాడు. అతని చేతుల చప్పుడు సన్నగిల్లింది. పైడమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా పేరు నోట రాలేదు.

అప్పుడు ఆమె కాళ్లకింది బండ కేకవేసింది. “నోట్లో పేరు దాచుకొని ఎవరి ఆయుష్షు కాపాడుతున్నావే? వాడు మునిగిపోతున్నాడు!”

“గవరయ్యా!” అన్నది పైడమ్మ. నోరు తెరిచాక ఇక ఆగలేదు. “గవరయ్యా! ఇటు! గవరయ్యా!” ఆ పేరు వినబడిన వైపే అతడు చేతులతో ఈదుకొంటూ వచ్చాడు. మనిషి కనబడగానే ఆమె ఒడ్డున పడి ఉన్న బుర్రను తాడు పట్టుకొని విసిరి, అతడు దానిని పట్టుకోగానే ఒడ్డుకు లాగింది. నీళ్లు కక్కి, ఊపిరి తిరగగానే ఆ మహానుభావుడు అన్న మొదటి మాట, “పేరెట్టి పిలిసేసినావేటే?”

“బుర్ర నేకండా మళ్లీ దిగు, ఊరంతా ఇనీలాగ పిలుత్తాను,” అని పైడమ్మ ఏడుస్తూనే నాలుగు తగిలించింది.

ఆ బండే నేటి కేకలమ్మ. ఇప్పటికీ ఇక్కడ తల్లికి కొబ్బరికాయ కొట్టరు, ఆనపబుర్ర సమర్పించి, దానినే నడుముకు కట్టుకొని దిగుతారు. భార్య గట్టున నిలిచి భర్తను పేరు పెట్టి పిలుస్తుంది. అతడు ‘ఓయ్’ అనాలి. బదులు రాకపోతే అతణ్ణి వెతకడానికి రేవులోని పడవ కదులుతుంది. ఈ రేవులో పేరు పలికితే ఆయుష్షు పెరుగుతుందని పెద్దల మాట.

ఒంటరిగా వచ్చినవారు నన్ను అడగండి. పూజ మధ్యలో ఉన్నా లేచి వచ్చి పిలుస్తాను. పేరైనా చెప్పకుండా దూకితే, మిమ్మల్ని ఏమని పిలవను?