గుమ్మంలో నిలబడ్డ ఆఫీసరు

ఒట్టేసి చెబుతున్నా, ఈ మాట మీరు నమ్మరు. నమ్మకండి, నాకు పోయేదేం లేదు. రేపల్లె అవతల బసవలింగంగారని పగటివేషాల గురువు ఒకాయన ఉండేవాడు. ఆయన ఒకసారి ఆంబోతు వేషం కడితే ఊళ్ళో ఆవులన్నీ పలుపులు తెంపుకుని మూడు రోజులు ఆయన వెంటే తిరిగాయి. అదిగో, నవ్వుతున్నారు. ఇదే నమ్మనివాళ్ళు అసలు సంగతేం నమ్ముతారు?

ఆయన శిష్యుడు ఓంకారం. ఊళ్ళో రోజుకో వేషం కట్టి జనాన్ని నమ్మించడం, ఆఖరి రోజున సొంత మొహాలతో ఇంటింటికీ వెళ్ళి "మేమేనండీ అది" అని చెప్పి ఇచ్చింది పుచ్చుకోవడం వాళ్ళ వృత్తి. ఓంకారం ఇన్‌స్పెక్టరు వేషంలో సంతలోకి దిగితే నిజం కానిస్టేబుళ్ళే బీడీలు పారేసి సెల్యూట్ కొట్టేవాళ్ళు. అట్టాంటివాడు ఒక పొద్దున ఫోన్లో బోర్లా పడ్డాడు. "మీ కళాకారుల పింఛను ఆగిపోతోంది, ఫోనుకొచ్చిన అంకెలు చెప్పండి, త్వరగా" అన్నాడు అవతల ఎవడో. నోట్లో వేపపుల్లన్నా తియ్యకుండా చెప్పేశాడు మనవాడు. దాచుకున్న పింఛనంతా పోయింది. బ్యాంకుకు పరిగెత్తి ఖాతా ఆపించాడు, స్టేషన్లో రాయించాడు. ఇక మిగిలింది భార్య పుణ్యవతి ఖాతాలో ఉన్నదే. అది ఆమె కంటి శుక్లాల ఆపరేషన్‌కి పెట్టుకున్నది. పాపం ఆమెకి మనుషులు మసక మసగ్గా కనపడి ఏడాది దాటింది.

తిన్నగా గురువు దగ్గరకెళ్ళి కూలబడ్డాడు.

"గురువుగారూ, ముప్పై ఏళ్ళుగా జనాన్ని బురిడీ కొట్టించినవాణ్ణి. నేనెట్టా పడ్డాను? వేషగాణ్ణి చూసీ చూడగానే ఎట్టా పట్టాలి?"

బసవలింగంగారు మీసానికి జిగురు రాస్తున్నాడు. తలెత్తలేదు. "అన్నం తిని వెళ్ళరా" అన్నాడంతే.

నాలుగో రోజు మధ్యాహ్నం ఓంకారం గుమ్మంలోకి ఒక ఆఫీసరు వచ్చాడు. కోటు, కళ్ళజోడు, చంకలో ఫైలు, మెడలో ఫోటో కార్డు. వయసు ముప్పై దాటదు.

"ఓంకారంగారేనా? బ్యాంకు నుంచి. మీ డబ్బు దొరికింది. మీ ఖాతా ఆపేశారు కదా, మీ ఆవిడ ఖాతాలో వేస్తాం. ఆవిడ కార్డు నంబరు చెప్పండి, ఇప్పుడు ఫోన్లోకి అంకెలొస్తాయి, అవీ చెప్పండి. ఇంకో పది నిమిషాల్లో, నాలుగింటికి, కంప్యూటరు మూసేస్తారు. ఎవరికీ చెప్పకండి, డబ్బు పోయిన మిగతావాళ్ళంతా నా మీద పడతారు."

ఓంకారానికి ప్రాణం లేచొచ్చింది. కార్డు పుణ్యవతి కొంగు ముడిలో ఉంది.

"ఏమేవ్, కార్డు ఇట్టా తే. పది నిమిషాలే ఉంది."

ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. కోటు వైపు చూసింది గానీ ఆవిడకి కోటూ ఒకటే, తలుపూ ఒకటే.

"ఎండన పడొచ్చినట్టున్నారు. కూర్చోండి బాబూ, మజ్జిగ తెస్తా."

"టైము లేదమ్మా."

"అదేంటి బాబూ? మొన్న ఈయన వస్తే మీ బ్యాంకులో రెండు గంటలు కూర్చోబెట్టారుగా."

"నువ్వూరుకోవే" అన్నాడు ఓంకారం, చెమటలు కక్కుతూ. "ముందు కార్డివ్వు."

"ఇస్తాలేవయ్యా, ఎక్కడికి పోతుంది. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి పంపిస్తామా? ఈలోపు పక్కింటి టీచరమ్మ చేత పాసుపుస్తకం మీదున్న నంబరుకి ఫోన్ చేయిస్తా. మీ ఆఫీసరుగారు మా ఇంట్లో మజ్జిగ తాగుతున్నారని చెబితే, ఆలస్యమైందని ఈ బాబుని మాటనకుండా ఉంటారు."

వెటకారం కాదు, నిజంగానే అంది. అని వంటింట్లోకి తడుముకుంటూ వెళ్ళి చల్లముంత దించింది.

ఆఫీసరు వాచీ చూశాడు. ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. పెదవి మీద చెమట పట్టి మీసం ఒక పక్క లేచింది. ఇక లాభం లేదన్నట్టు మంచం మీద కూలబడి నవ్వాడు. ఆ నవ్వు ఓంకారం ముప్పై ఏళ్ళుగా వింటున్నదే. కళ్ళజోడు తీసి, విగ్గు తీసి, మీసం పీకి ఒళ్ళో పెట్టుకునేసరికి ఎనభై ఏళ్ళ బసవలింగంగారు.

ఓంకారం తల వాలిపోయింది.

"వేషంలో ఉండగా ఎవరింటా కూర్చోకూడదని మొదటి రోజు చెప్పింది మీరే కదండీ."

"ఎందుకు చెప్పానో ఒక్కనాడన్నా అడిగావురా?"

పుణ్యవతి గ్లాసు పట్టుకొస్తూ గడప దగ్గర తడబడితే ఓంకారం చటుక్కున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకునే నడిపించాడు, గ్లాసు తొణకకుండా. "ఎవరయ్యా, మీ గురువుగారి గొంతులా ఉంది" అంది ఆవిడ. "ఆయనే" అన్నాడు వాడు.

గురువు మజ్జిగ ఆఖరి చుక్కదాకా తాగి మూతి తుడుచుకున్నాడు.

"దీనికి కళ్ళు బాగు చేయించరా ఓంకారం. మజ్జిగ పోసే అలవాటు మాత్రం మాన్పించకు."

ఇదంతా కోతలంటారా? అయితే మీకు నచ్చిన వేషం కట్టుకుని, ఎంత తొందర కావాలంటే అంత తొందర నటిస్తూ ఆ గుమ్మంలోకి వెళ్ళండి. కూర్చోకుండా, మజ్జిగ తాగకుండా, కార్డు పట్టుకుని బయటికి రండి చూద్దాం.