పరాసురాజు వేషం

గోదావరి పాయ ఒడ్డున ఒకానొక చిన్న సంస్థానం. దానికి రాజు ఉద్దండ జగ్గరాజు. సంస్థానం చిన్నదే గాని ఆర్భాటానికేం తక్కువ లేదు. రాజుగారు భోంచేసి లేచాక కోట మీద నగారా మోగాలి. అది మోగితే గాని ఊళ్ళో ఎవరూ అన్నం ముట్టకూడదు.

ఆ ఏడు వానలు లేవు. కోట గాదెలు తెరవమని జనం మొరపెట్టుకుంటున్నారు. అంతలో యానాం నుంచి ఒక వర్తకుడు వచ్చి, సముద్రాల అవతల ఫ్రెంచివాళ్ళ పరాసుదేశంలో జనం తిరగబడి రాజును గద్దె దింపేశారని చెప్పాడు. జగ్గరాజుకు ముచ్చెమటలు పోశాయి.

"గాదెల దగ్గర కాపలా పెంచండి. మొరపెట్టుకునేవాళ్ళని ఊరు దాటించండి," అన్నాడు.

ఆస్థాన విదూషకుడు కొండుభట్టు గుండె కలుక్కుమంది. ఎదురు చెబితే తననూ దాటిస్తారు. అందుకని అమాయకంగా మొహం పెట్టి, "ప్రభూ, అసలు ఆ జనం ఎందుకు తిరగబడ్డారంటారు?" అన్నాడు.

"కొవ్వెక్కి."

"అంతేనేమో. ఓసారి ఆడి చూద్దామా? నేను పరాసురాజుని, తమరు ప్రజ."

వేషాలంటే రాజుకు ప్రాణం. "మధ్యలో ఆపకూడదు సుమా," అంటూ తన తలపాగా తీసి భట్టు నెత్తిన పెట్టి, కింద చతికిలబడ్డాడు. మంత్రీ సేనాపతీ కూడా ప్రజలై పక్కన చేరారు.

భట్టు సింహాసనమెక్కి వెండికంచం తెప్పించుకున్నాడు. పనసపొట్టు కూర, పులిహోర, నేతిలో మునిగిన పూర్ణాలు. తీరిగ్గా తిని, చేయి కడుక్కుని, తాంబూలం వేసుకున్నాడు.

"ఇక నగారా కొట్టించవోయ్," అన్నాడు రాజు.

"ఎందుకూ? నా ఆకలి తీరిందిగా."

పొద్దు వాలింది. రాజుగారి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. "స్వామీ, ఓ ముద్ద," అన్నాడు చివరికి, అచ్చం ప్రజలాగే.

"మొరపెట్టుకునేవాణ్ణి ఊరు దాటించండి," అన్నాడు భట్టు.

అంతే, ముగ్గురూ ఒక్క ఉదుటున లేచారు. భట్టును రెక్క పట్టుకుని కిందికి ఈడ్చారు. తలపాగా దొర్లుకుంటూ పోయింది. వంటవాడే పరిగెత్తుకెళ్ళి నగారా కొట్టాడు.

భట్టు నడుం పట్టుకుని లేస్తూ, "కొవ్వెక్కిందా ప్రభూ?" అన్నాడు.

రాజుకు సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి భటుల మీద పడ్డాడు. "గద్దె మీదున్నవాణ్ణి ఈడుస్తుంటే మీరేం చేస్తున్నార్రా?"

వాళ్ళ బదులు భట్టే జవాబిచ్చాడు. "వాళ్ళూ పొద్దుటి నుంచి తినలేదు కదా ప్రభూ. గాదెల దగ్గర కాపలావాళ్ళ ఇళ్ళూ ఈ ఊళ్ళోనే ఉన్నాయి."

రాజు గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ ఆ పరాసురాజు తరవాత ఏమయ్యాడు?"

"ఇక్కడ తలపాగా దొర్లింది ప్రభూ. అక్కడ తలే దొర్లిందట."

జగ్గరాజు మెడ తడుముకున్నాడు. అది ఇంకా ఉన్నందుకు సంతోషం పట్టలేక పకపకా నవ్వాడు. చీకటి పడేలోగా గాదెలు తెరిపించాడు. మర్నాటి నుంచి ఊరు తిన్నాక రాజు తినేలా నగారా వేళ మార్పించాడు. తన చేతి కంకణం తీసి భట్టుకు తొడిగి, "రావయ్యా, నా పంక్తిలో కూర్చో," అన్నాడు.

భట్టు పొట్ట నిమురుకున్నాడు. "క్షమించాలి ప్రభూ. ఎంత రాజాజ్ఞ అయినా ఇందులో ఇక చోటు లేదు."