నల్లంచి గుమ్మానికి వేపమండ

సన్యాసయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. పొద్దున్న తత్వాలు పాడుకోవడం అయిపోగానే, మేము అడిగేవి వినకముందే, ఆయన పెరట్లోకి వెళ్ళేవారు. అక్కడ ఒక ఇనుప గొట్టం మీద చెక్క పెట్టె బిగించి ఉండేది. చేతికి అందే ఎత్తు. ముందువైపు పిట్ట పట్టేంత గుండ్రటి కన్నం, పక్కన చిన్న తలుపు. పిల్లీ పామూ ఎక్కకుండా గొట్టం చుట్టూ రేకు. ఏటేటా ఎండాకాలం మొదలవగానే ఆ పెట్టెలోకి నల్లంచి పిట్టల జంట ఒకటి కాపురానికి వచ్చేది. మగదానికి నల్లటి ఒంటి మీద తెల్లచార, ఆడదానిది బూడిద రంగు. రెండూ తోక నిగడదన్నుకుని, పెరడంతా తమదే అన్నట్టు తిరిగేవి.

గురువుగారు పెట్టె దగ్గరికి వెళ్ళి ముందు వేలితో తట్టేవారు. తల్లి లోపలుంటే, అది బయటికి ఎగిరిపోయేదాకా ఆగేవారు. అప్పుడు పక్క తలుపు తీసి ఒక్క చూపు చూసేవారు. గూడు తడిసిందా, చీమ పట్టిందా, గుడ్లు బాగున్నాయా, అన్నీ ఆ ఒక్క చూపులోనే. మళ్ళీ తలుపు మూసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేవారు.

"పిట్టగూటికి తలుపు తట్టడమేమిటండీ" అని మాలో ఎవరైనా నవ్వితే, "వాళ్ళిల్లు కదా మరి" అనేవారు. అంతకుమించి చెప్పేవారు కాదు.

ఆ ఏడు వైశాఖంలో అచ్చియ్యమ్మ వచ్చింది. ఆమె గురువుగారికి పాత శిష్యురాలు. చేతిలో పెద్ద సంచి ఉంది. సంచి నిండా కోడలి కోసం కొట్టిన కాయం ఉండలు, వెల్లుల్లి కారం, వాము పొడి, మనవరాలికి పాత చీరలతో కుట్టిన మెత్తటి బొంతలు. బొబ్బిలిలో పుట్టింట పురుడు పోసుకున్న కోడలు దమయంతిని చూడ్డానికి వెళ్ళి, ఆ సంచి విప్పకుండానే తిరిగి వచ్చిందట. ఇంటికి పోలేక తిన్నగా ఇక్కడికే వచ్చింది.

ఆమె గురువుగారి ముందు కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"రోజు విడిచి రోజు వెళ్ళానండీ. పత్యం వండాను, పిల్లకి నలుగు పెట్టాను, సాంబ్రాణి వేశాను, వచ్చిన చుట్టాలకి కాఫీలు కలిపాను. ఇవాళ నా కొడుకు వీధి గుమ్మంలోనే నిలబెట్టి, 'అమ్మా, కొన్నాళ్ళు రాకు, దమయంతి రావద్దంటోంది' అన్నాడు. నేనేం చేశానండీ? చేస్తే ఎక్కువైందంటారు. మానేస్తే రాతిగుండె అంటారు. పిల్లని ఉయ్యాల్లో వేసే రోజు దగ్గరికొస్తోంది. ఆ వేళకి నన్ను పిలుస్తారో లేదో కూడా తెలీదు. చేసే చెయ్యి మేలు చేస్తోందో కీడు చేస్తోందో తెలిసేదెలాగండీ?"

మేమంతా గురువుగారి మొహం వైపు చూశాం. ఇలాంటి ప్రశ్నకి శాస్త్రం నుంచి ఏదో ఒకటి చెబుతారనుకున్నాం. ఆయన సంచి వైపు చూసి, "దాన్ని ఆ కొక్కేనికి తగిలించు తల్లీ. నాలుగు రోజులుండు. పెట్టెలో నల్లంచి పిల్లల్ని చేసింది, వాటి సంగతి చూస్తూ ఉండు" అన్నారు. అంతే, లేచి వెళ్ళిపోయారు.

అచ్చియ్యమ్మకి కాస్త కోపం వచ్చిందనుకుంటాను. మనవరాలి గురించి అడిగితే పిట్టపిల్లల్ని చూడమంటే ఎవరికి రాదు? అయినా సంచి తగిలించింది.

మర్నాడు తెల్లవారే వేళకి గాలివాన వచ్చింది. మామిడికాయలు రాలాయి, వంటపాక తాటాకు ఒక పక్క లేచిపోయింది. వాన వెలిశాక గురువుగారు వెళ్ళి పెట్టె తట్టారు, తల్లి ఎగిరిపోయాక తలుపు తీశారు. ఈసారి ఒక్క చూపుతో సరిపెట్టలేదు. వాన ఏటవాలుగా కన్నంలోంచి కొట్టి గూడంతా పిండితే నీరొచ్చేలా ఉంది. గొట్టం వెంట ఎర్రచీమల బారు అప్పుడే పెట్టె అడుగుదాకా వచ్చేసింది. లోపల నాలుగు పిల్లలు. ఈకైనా లేదు వాటికి. కళ్ళు మూసుకుని, వణుకుతూ, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"అచ్చియ్యమ్మా, ఎండుగడ్డి తే. కొబ్బరిచిప్పలో గుడ్డ పరుచుకురా" అన్నారు గురువుగారు.

ఆమె కదల్లేదు. "వద్దండీ! మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ చేరనివ్వదు. మా అమ్మమ్మ చెప్పేది."

"తగలకపోతే చీమలు బతకనిస్తాయా?"

ఆమె తెచ్చింది గాని, మొహం పక్కకి తిప్పుకునే ఉంది. గురువుగారు పిల్లల్ని ఒక్కొక్కటే తీసి చిప్పలో పెట్టారు. తడిగూడు తీసి పారేశారు. ఎండుగడ్డి చుట్టచుట్టి, నడుమ పిడికిలితో ఒత్తితే చిన్న గిన్నెలా కుదిరింది. దాంట్లో పిల్లల్ని దించి తలుపు మూశారు. చీమల్ని దులిపి, గొట్టానికి ఆముదంలో తడిపిన గుడ్డ చుట్టారు. మీ ఇంట్లో ఉట్టికి చీమ పట్టకుండా ఏం చేస్తారో ఆయనా అదే చేశారు. తర్వాత చెంబు పట్టుకుని ఏటికి స్నానానికి వెళ్ళిపోయారు.

అచ్చియ్యమ్మ మనసు కుదుటపడలేదు. చెయ్యి తగిలిన దోషం పోవాలి. పైగా అది పసికందులున్న ఇల్లు. పురిటింటి గుమ్మానికి వేపమండ కట్టకుండా ఎవరుంటారు? ఆమె పెట్టెకి పసుపు రాసింది, కుంకుమబొట్లు పెట్టింది. గుబురుగా ఉన్న వేపమండ ఒకటి విరిచి, సరిగ్గా కన్నం పైన దారంతో కట్టింది.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మా తోటి శిష్యుడు తవిటినాయుడు ఊరుకోడు కదా. అచ్చియ్యమ్మని అక్క వరసతో 'అప్పా' అంటాడు. "అప్పా! ఇంక కాటుకా, ఉయ్యాలా మిగిలాయి. పురుడు భోజనాలెప్పుడో చెప్పు, ఆకు కోసుకొస్తాను" అన్నాడు.

"పోరా తవుడూ, నీకెప్పుడూ తిండి గోలే" అని ఆమె కసిరింది గాని, అంత దిగులులోనూ నవ్వింది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

కాసేపటికి తల్లిపిట్ట వచ్చింది. ముక్కున పచ్చటి పురుగు ఉంది. వచ్చి బట్టలారేసే తీగ మీద వాలింది. పెట్టె దాకా ఎగిరి, గిరుక్కున తిరిగి మళ్ళీ తీగ మీదికి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తిరిగింది. మగదీ వచ్చింది. రెండూ కలిసి కీచుమని అరుస్తూ పెట్టె చుట్టూ తిరుగుతున్నాయి గాని, ఒక్కటీ లోపలికి పోదు. మొదట లోపల్నుంచి పిల్లల సన్నటి కూత వినిపించేది. పోనుపోను అదీ తగ్గిపోయింది. ఎండ ఎక్కింది. నేను పాకలో కూర తరుగుతున్నదాన్ని కత్తిపీట పక్కకి నెట్టేసి వచ్చేశాను. అంత చిన్న గొంతులు ఆగిపోతే అంత పెద్ద పెరడు ఎలా బోసిపోతుందో, వింతగా ఉంటుంది.

గురువుగారు ఏటి నుంచి తడిబట్టతో వస్తుంటే అచ్చియ్యమ్మ దారిలోనే ఎదురెళ్ళింది.

"చెప్పానా లేదా అండీ! చెయ్యి పెట్టొద్దన్నానా లేదా! తల్లి లోపలికి పోవడం లేదు. పిల్లల గొంతు కూడా వినపడడం లేదు. చూడమని నాకప్పగించారు. నా కళ్ళెదుటే చచ్చిపోతున్నాయి. నేను ముట్టుకున్నదల్లా ఇంతేనాండీ?"

గురువుగారితో అంత గట్టిగా మాట్లాడడం మేమెప్పుడూ వినలేదు. తవిటినాయుడు కూడా లేచి నిలబడ్డాడు. ఆయన మాత్రం చెంబు కింద పెట్టి, పెట్టెకి దూరంగానే ఆగిపోయారు. మేమంతా పెట్టె వైపు చూస్తున్నాం. ఆయన పెట్టెని చూడలేదు, పిట్టని చూశారు. అది ఎటు చూస్తోందో, ఎక్కడిదాకా వెళ్ళి తిరుగుతోందో చూశారు. గాలి వీచినప్పుడల్లా వేపమండ ఊగుతోంది. అది ఊగినప్పుడల్లా పిట్ట వెనక్కి తిరుగుతోంది.

"ఆ మండ ఎవరు కట్టారు?"

"నేనేనండీ. పురిటిల్లు కదా."

"తీసెయ్ తల్లీ."

ఆమె నిర్ఘాంతపోయింది. "పురుడు వెళ్ళకుండా పచ్చిమండ తీసేస్తే కీడు కదండీ!"

"ఎవరికి?" అన్నారు గురువుగారు.

అచ్చియ్యమ్మ తీగ మీద పురుగు పట్టుకుని కూర్చున్న పిట్టని చూసింది. దాని ముక్కున పురుగు ఇంకా కదులుతూనే ఉంది. గబగబా వెళ్ళి దారం తెంపింది. మండని కొంగులో పెట్టుకుని, దొంగిలించినదానిలా తల వంచుకుని అరుగు దగ్గరికి వచ్చేసింది. గురువుగారు మా అందరినీ అరుగెక్కమన్నారు. మాట్లాడొద్దన్నారు. తవిటినాయుడు దగ్గు కూడా మింగేశాడు.

మగపిట్ట ముందు వచ్చి పెట్టె మీద వాలింది. అటూ ఇటూ చూసింది. తర్వాత తల్లి తీగ మీంచి లేచి, తిన్నగా కన్నం అంచుకి అతుక్కుంది. తల లోపలికి పెట్టింది. తోక కూడా లోపలికి పోయింది.

లోపల్నుంచి ఒక కూత వినిపించింది. ఆ వెంటనే ఇంకోటి. తర్వాత ఎన్ని గొంతులో చెప్పలేను, అన్నీ ఒక్కసారే ఆకలి ఆకలి అని అరిచాయి. కాసేపటికి తల్లి బయటికి వచ్చింది. ముక్కున పురుగు లేదు, దాని బదులు తెల్లటి ముద్ద ఒకటి ఉంది. పిల్ల రెట్ట అది. గూట్లో ఉంచకుండా దూరంగా పారేసి వస్తుంది. మా అందరి ముందు నుంచీ ఆ చిన్నతల్లి పిల్లల మురికి మోసుకుంటూ ఎగిరిపోయింది.

అచ్చియ్యమ్మ అరుగు మీద చతికిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "చెయ్యి తగిలినా వచ్చిందండీ. వచ్చింది చూడండి" అని పదే పదే అంది.

"వచ్చిందప్పా! నీ పురిటాలు పత్యం పెట్టి, గుడ్డలుతికి, ఏటికి కూడా పోయింది" అన్నాడు తవిటినాయుడు. ఈసారి ఆమె కసరలేదు.

పిల్లలు ఎదిగాయి. ఈకలు వచ్చాయి. కన్నంలోంచి బయటికి తొంగిచూసే దాకా వచ్చాయి. అచ్చియ్యమ్మకి తలుపు తీసి చూడాలని చేతులు పీకేవి. ఆ రోజుల్లో మాత్రం గురువుగారు పెట్టె తట్టడమే మానేశారు. "ఇప్పుడు తీస్తే, ఎగరలేకపోయినా దూకేస్తాయి" అన్నారు. రోజూ వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి వచ్చేవారు. ఆమె కూడా ఆయన పక్కనే అలా నిలబడేది. అది ఆమెకి ఎంత కష్టమో చూసే మాకు తెలుస్తుండేది.

పిల్లలన్నీ ఎగిరిపోయిన రోజున అచ్చియ్యమ్మ అరుగు చివర కూర్చుని బొబ్బిలికి ఫోన్ చేసింది. అవతల కోడలే ఎత్తింది.

"దమయంతీ, నేనమ్మా. రానా అని అడగడం లేదు. నీకేం కావాలో చెబితే వింటాను."

అటు నుంచి సన్నగా, పాపం, ఏడుపు ఆపుకుంటున్న గొంతు వినిపించింది.

"నిద్ర కావాలత్తా."

అచ్చియ్యమ్మ ఆ పూటే బస్సెక్కింది. సంచి కొక్కేనికే ఉండిపోయింది. "సంచి మర్చిపోయావప్పా" అని తవిటినాయుడు కేకేస్తే, వద్దన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

ఉయ్యాల పండగ అయ్యాక గాని మళ్ళీ రాలేదు. వచ్చినప్పుడు ఆమె నడకే మారిపోయింది. మేము అడక్కుండానే చెప్పింది. "వెళ్ళి చెప్పులు విప్పి, పిల్లని ఇలా ఇమ్మన్నాను, అంతేనండీ. ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. దమయంతి దీపాలు పెట్టే వేళ దాకా ఒళ్ళెరక్కుండా పడుకుంది. నేను పొయ్యి దగ్గరికి పోలేదు, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టలేదు. తను లేచి, 'అత్తా, రేపు కూడా వస్తారా' అని అడిగింది. ఉయ్యాల్లో పిల్లని నాచేతే వేయించారు." చెబుతూ చెబుతూ కొక్కెం వైపు చూసింది. "నా సంచేదీ?"

తవిటినాయుడు తల గోక్కున్నాడు. "కాయం ఉండలు పాడైపోతాయని తినేశానప్పా. ఇప్పుడే కవల పిల్లల్ని కన్నంత బలంగా ఉన్నాను."

నవ్వులు ఆగాక అచ్చియ్యమ్మ పెరట్లోకి వెళ్ళింది. గురువుగారు ఖాళీ అయిన పెట్టె తలుపు తీసి, పాతగడ్డి దులిపి, నీళ్ళతో కడుగుతున్నారు. నల్లంచి ఆ ఏడు ఇంకో కాన్పుకి వస్తుందేమోనని. ఆమె నీళ్ళచెంబు అందుకుని పోసింది. పెట్టె మీద పసుపు అప్పటికి చాలావరకు కరిగిపోయింది గాని, కన్నం పైన ఒక బొట్టు ఇంకా మిగిలి ఉంది. ఆమె దాన్ని చూసి కాస్త సిగ్గుపడింది.

"నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు గురువుగారూ. పోనీ ఇదైనా చెప్పండి. ఆ రోజు నేను మండ కట్టడం తప్పేనాండీ?"

గురువుగారు పెట్టెని ఎండకి తిప్పి పెట్టారు. ఆ బొట్టుని మాత్రం తుడవలేదు.

"మండ మంచిదే తల్లీ. గుమ్మమే చిన్నది" అన్నారు.