ఎవరూ లేని నీళ్లు

ఊరవతల పశువుల కొట్టాల వెనక ఓ మురుగుకాలవ ఉంది. గేదెల పాక నుంచి, పందులదొడ్డి నుంచి, కోళ్లగూటి నుంచి కారినదంతా అందులో పడి, చివరికి బాతులు ఈదే గుంటలో కలుస్తుంది. ఆ కాలవ మీది తూములో ఓ ముసలి తాబేలు ఉండేది. పట్టపగలు కూడా చీకటిగా ఉండే చోటు అది. పిలిస్తే ముందు రెండు కళ్లు కనిపించేవి, కాసేపటికి గానీ ఆవిడ కనిపించేది కాదు.

ఆవిడ పని మురుగు చదవడం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను! పట్నంవాళ్లు వైరస్ అంటారు చూశారూ, ఆ పురుగు ఒంట్లో సన్నటి దారం ఉంటుంది. దారం నిండా నాలుగే రకాల పూసలు. ఆ పూసల వరుస చూసి అది ఏ రోగమో, పాతదో కొత్తదో చెప్పేసేది తాబేలు. మనిషికైనా గొడ్డుకైనా ఒంట్లో నలత తెలియకముందే మురుగులో తెలిసిపోతుందట. అందుకే ఆ తూము దగ్గరికి వెళ్లాలంటే అందరికీ ఒళ్లు జలదరించేది.

ఓ రోజు పొద్దున్నే తాబేలు అందరినీ పిలిచింది.

"కొత్త దారం వచ్చింది. పోయినేడు కోళ్లకొచ్చిన జబ్బే, కానీ మూడుచోట్ల పూసలు మారాయి. ఈసారి ఇది బాతుల్నీ పట్టుకుంటుంది."

"అయ్యో అవ్వా! నా పిల్లలు పుట్టి తొమ్మిది రోజులే. ఇవాళే గుంటలో దింపుదామనుకున్నానే!" అంది బాతమ్మ.

"ఆగమ్మా. ఎవరింటి మురుగు వాళ్లు విడిగా కుండలో పట్టుకురండి. కోళ్లగూటి నీళ్లు మంచివని తేలితే దింపుకో."

కోడిపుంజు మెల్లగా వెనక్కి జరిగింది. రెండు రోజులుగా దాని గూట్లో మూడు పెట్టలు మెడలు వాల్చి కూర్చున్నాయి. ఆ సంగతి బయటపడితే గూడు మూసేస్తారు, కొట్టాలన్నిట్లో తనకున్న పెద్దరికం పోతుంది. కాలవ గట్టు బొరియలో ఉండే నక్క ఇదంతా విననే వింది.

"ఏం అల్లుడూ, మొహం వేలాడేశావ్?"

"పరువు పోయేలా ఉంది మామా."

"ఓస్, ఇంతేనా! బోరింగు దగ్గర నీళ్లు పట్టుకెళ్లు. ఆ ముసలిదానికేం తెలుస్తుంది?"

ఆ నక్కకు తన మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో ఆ వెర్రి పుంజు ఒక్క క్షణం ఆలోచిస్తే కదా! తోక ఎగరేసుకుంటూ బోరింగు దగ్గరికి పోయింది.

తాబేలు పుంజు కుండలోంచి ఒక చుక్క రాతి మీద వేసుకుని చూసింది. మళ్లీ ఇంకో చుక్క. గుంట ఒడ్డున బాతుపిల్లలు వరసగా నిలబడి ఉన్నాయి.

"దింపనా అవ్వా?" అంది బాతమ్మ.

తాబేలు పుంజువైపు తిరిగింది. "మీ గూట్లో ఎంతమంది ఉన్నారు నాయనా?"

"నలభై మంది. అందరూ దిట్టంగా ఉన్నారు."

"ఈ నీళ్లలో ఒక్కరూ లేరు. రెట్ట లేదు, ఈకపొట్టు లేదు. బతికున్నవాళ్ల కడుపులో ఉండే మామూలు పురుగు కూడా లేదు. ఈ కుండ చెప్పేదే నిజమైతే, మీరు నలభై మందీ ఎప్పుడో పోయారు."

అందరూ గూటివైపు చూశారు. చాలాసేపటి నుంచి అటువైపు ఒక్క కోడి కూత కూడా లేదని అప్పుడు తట్టింది.

"బోరింగు నీళ్లు అవ్వా! నక్క పట్టుకెళ్లమంది!" అని ఏడుస్తూ పుంజు పరుగెత్తింది. బాతమ్మ గబగబా పిల్లల్ని రెక్కలతో వెనక్కి తోసుకుంది.

గూట్లో కోళ్లన్నీ ఓ మూల ఒదిగి, నోరు పెగలక తలుపువైపే చూస్తున్నాయి. జబ్బు పెట్టలు మూడూ లేవు. ఈకలు మాత్రం నక్క బొరియ దాకా పడి ఉన్నాయి.

గూడు మూశారు, గుంట మూశారు. బాతుపిల్లలు ఎండకు గోలపెట్టాయి గానీ అన్నీ బతికాయి.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం నక్క కాళ్లీడ్చుకుంటూ తూము దగ్గరికి వచ్చింది.

"అవ్వా, ఊపిరాడటం లేదు. మురుగులో నా సంగతేమైనా తెలిసిందా?"

చీకట్లో రెండు కళ్లు తెరుచుకున్నాయి.

"తెలిసింది నాయనా. అదే దారం. ఇంకో పూస మారింది. అది నీ ఒంట్లోనే మారింది."

రోగం దాచినవాడు తనవాళ్లను పోగొట్టుకుంటాడు, దాచమన్నవాడు తన ప్రాణమే పోగొట్టుకుంటాడు.