తాబేలు అయ్యగారి దూది పరుపు

అనగనగా ఒక అడవిలో, కొండ కింద, ఒక తాబేలు ఉండేది. అందరూ ఆయన్ని అయ్యగారూ అని పిలిచేవారు. ఎవరికి జబ్బు చేసినా, ఎవరింట చావైనా, మెల్లగా నడిచి వెళ్ళేవాడు. పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాడు. అదే ఆయన పని. వేరే పని లేదు, గుర్తుపెట్టుకోండి.

ఆ కొండవాలులో ఒక ముళ్ళపంది అవ్వ ఉండేది. గుచ్చుకుంటాయని ఎవరూ ఆమె పక్కన కూర్చోరు. అయ్యగారికి వీపు మీద డిప్ప ఉంది కదా! ఆయన ఆనుకుని కూర్చునేవాడు. ఆ డిప్ప నిండా అవ్వ ముళ్ళ గీతలే.

"పాపం, అయ్యగారు వానలో తడుస్తున్నారు" అని జంతువులన్నీ ఇల్లు కట్టాయి. ఏనుగు రాళ్ళు మోసింది. అడవిపంది నేల చదును చేసింది. ఉడతలు బూరుగుదూది తెచ్చి పరుపు వేశాయి. మంచి పనే. ఇల్లు కట్టడం తప్పని నేను అనను.

అయ్యగారు పరుపెక్కాడు. అబ్బ, ఎంత మెత్తగా ఉందో!

కుందేలు పరుగెత్తుకొచ్చింది. "అయ్యగారూ, మా చంటిదానికి జ్వరం. ఒక్కసారి రండి."

"వానగా ఉందమ్మా. బురద కాళ్ళతో వస్తే పరుపు పాడైపోద్ది. ఇక్కడినుంచే ప్రార్థన చేస్తాలే."

తర్వాత జింక వచ్చింది. దాని బిడ్డని చిరుత ఎత్తుకుపోయింది. "ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చోండి" అంది.

"గడపకి ఎర్రమట్టి అలికానమ్మా, ఇంకా ఆరలేదు. రేపొస్తా" అన్నాడు అయ్యగారు. ఆ రేపు రాలేదు.

మూడోసారి కాకి వచ్చి వాలింది. "అవ్వ పోయేలా ఉంది. మిమ్మల్నే అడుగుతోంది."

"నేను కదిలితే ముంగిస దూరుద్దేమో ఇంట్లో..."

కాకికి ఒళ్ళు మండింది. "అయ్యా, మిమ్మల్ని ఎక్కడికొచ్చి పిలవాలో తెలియాలని ఈ ఇల్లు కట్టాం. పిలిస్తే రాకుండా ఉండడానికా?"

అయ్యగారు మెడ తిప్పి తన వీపు చూసుకున్నాడు. డిప్ప మీద గీతల్లో దూది ఇరుక్కుని ఉంది. ఒక్క గీతా కనబడడం లేదు.

తలుపు తీసిపెట్టి బయల్దేరాడు. ఎంత తొందరపడినా తాబేలు నడకే కదా! పొద్దున బయల్దేరితే ఎండ నడినెత్తికొచ్చింది.

అవ్వ ఇంకా ఉంది. "వచ్చావా నాయనా? ఇన్నాళ్ళూ ఈ రాతిని ఆనుకున్నా. రాయి మాట్లాడదు కదా."

"తప్పయిపోయింది అవ్వా."

"సర్లే. ఇలా జరుగు."

ఆయన జరిగాడు. అవ్వ డిప్పకి తల ఆనించింది. ప్రార్థన సగంలో ఉండగా ఊపిరి వదిలింది. అయ్యగారు సగంలో ఆపలేదు. చివరిదాకా చెప్పాడు.

తిరిగొచ్చేసరికి కుందేలు పిల్లలతో ఇంట్లో ఉంది. "మా బొరియలోకి నీళ్ళొచ్చాయి అయ్యగారూ. వెళ్ళిపోతాంలెండి."

"ఉండమ్మా. పిల్లల్ని పరుపు మీద పడుకోబెట్టు."

"మరి మీరో?"

"గుమ్మంలో ఉంటా. పిలిస్తే వినబడాలి కదా."

జింక మాత్రం ఆయన్ని క్షమించలేదు. క్షమించాలని నేనూ చెప్పను. అయినా అయ్యగారు రోజూ వెళ్ళి, దూరంగా కూర్చుని, ఆ బిడ్డ పేరు చెప్పి ప్రార్థన చేసి వచ్చేవాడు. ఒకరోజు జింక కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. అంతే.

నీతి: సేవ చేయమని ఇచ్చిన ఇంట్లో సుఖంగా ఉండొచ్చు, కానీ పిలుపు వినబడనంత లోపలికి వెళ్ళి కూర్చోకూడదు.