చెంగయ్య మీద గెలుపు

తాతల కాలం తర్వాత యుద్ధమే ఎరగని ఒకానొక రాజ్యంలో కీర్తిభూషణుడనే రాజు ఉండేవాడు. గెలవడానికి శత్రువులు లేక, ఆయన తన కొలువులో పనిచేసేవాళ్ళ మీద పడ్డాడు. ఒకరి నడకను, ఇంకొకరి నత్తిని వెక్కిరించేవాడు. సభంతా నవ్వాలి. నవ్వనివాడి వైపు రాజు ఓ చూపు చూసేవాడు. మర్నాడు వెక్కిరింతకు వాడే గురి.

రాజుకు తలపాగా చుట్టేవాడు చెంగయ్య. భార్య పోయిన దగ్గర్నుంచి అతని కుడిచెయ్యి వణికేది.

"ఏం చెంగయ్యా, చేతికి గజ్జెలు కట్టించమంటావా? తాళం ఎవరు వెయ్యాలి?" అన్నాడు రాజు ఒకనాడు.

సభ నవ్వింది. ఇక్కడొక సంగతి గమనించాలి పిల్లలూ. పైవాడు ఒక్కసారి నవ్వితే, కిందివాళ్ళకు అది రోజూ చేసే పని అయిపోతుంది. మర్నాటి నుంచి చెంగయ్య వస్తుంటే ద్వారపాలకులు గజ్జెలు మోగించారు. వంటశాలలో మజ్జిగ అంచుదాకా నింపి చేతికిచ్చి, ఎంత ఒలుకుతుందో చూశారు. చెంగయ్య కొన్నాళ్ళకు రావడం మానేశాడు.

అతని కూతురు నాంచారి, వందిమాగధుడు పేరన ఇంటికి వచ్చింది. వందిమాగధుడంటే తెలుసుగా? రాజు ఎదుట నిలబడి, ఆయన వంశం ఓడించినవాళ్ళ పేర్లన్నీ బిరుదులుగా చదివేవాడు.

"నాన్న మా ముందు ముద్ద ఎత్తడం లేదు బాబాయ్. మేం చెయ్యి చూస్తామని. పస్తులుంటున్నాడు," అంది.

"ఆ రోజు నేనూ నవ్వానమ్మా."

"తెలుసు. నాన్న చెప్పాడు."

ఆ వారంలోనే పొరుగు రాజ్యపు రాయబారి సభకు వచ్చాడు.

"ఎంతసేపూ మా తాతగారి విజయాలేనా పేరనా? నేను గెలిచినవి చదువు," అన్నాడు రాజు.

"ఉన్నవి ఉన్నట్టు చదవనా ప్రభూ?"

"ఒక్కటీ వదలకు."

పేరన గొంతెత్తాడు. "నత్తి వంటమనిషి రంగమ్మను మాటల్లో మట్టికరిపించిన ధీరా! కుంటి తోటమాలి ఓబన్నను నడకలో జయించిన శూరా! నిండు సభను వెంటబెట్టుకుని, ఒంటరి చెంగయ్యను ఓడించిన వీరాధివీరా! జయము, జయము!"

రాయబారికి ఆ పేర్లు కొత్త. మర్యాదగా అడిగాడు. "ఈ చెంగయ్య ఏ దేశపు దొర? సేన ఎంత ఉండేది?"

"సేన లేదు స్వామీ. భార్య ఒక్కతే ఉండేది. ఆమె కిందటేడు పోయింది. అప్పట్నుంచి అతని చెయ్యి వణుకుతోంది. ప్రభువులు సరిగ్గా అక్కడే దెబ్బ తీశారు."

రాజు పకపకా నవ్వాడు. వెంట సభ కూడా నవ్వుతుందనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. రాయబారి తల దించుకున్నాడు. అంత పెద్ద సభలో తన నవ్వొక్కటే తనకు వినబడేసరికి, రాజు దాన్ని మధ్యలోనే ఆపేశాడు.

మెడలో హారం తీసి పేరనకిచ్చి, "చెంగయ్య ఇల్లెక్కడ?" అన్నాడు.

చెంగయ్య గుమ్మంలో రాజు తల వంచి కూర్చున్నాడు. "తలపాగా చుట్టు."

"చెయ్యి వణుకుతుంది ప్రభూ."

"వణకనీ. నాకు తొందర లేదు."

తలపాగా వంకరగా వచ్చింది. రాజు సవరించుకోలేదు. ఇకమీదట పనివాళ్ళను వెక్కిరించినవాడికి తన కొలువులో చోటు లేదని చాటింపు వేయిస్తానన్నాడు. "రేపట్నుంచి రా చెంగయ్యా," అన్నాడు.

"చిత్తం," అన్నాడు చెంగయ్య.

నాంచారి అందరికీ అన్నం వడ్డించింది. చెంగయ్య తన కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

రాజు పిలవబోయి ఊరుకున్నాడు. పెరట్లో చెంగయ్య తిని చెయ్యి కడుక్కున్న చప్పుడు వినబడేదాకా, ఆయన తన ముద్ద ముట్టలేదు.