కట్ట తొక్కిన బాతులు

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పచ్చగా ఉంటుందనుకోకండి పిల్లలూ. గరుసు నేల, ముళ్లకంప, మధ్యలో ఒక ఎండు వంక. అంతే. వాన పడితే ఆ వంక ఒక్క పూట పారేది. మర్నాటికి తడి ఇసుక మిగిలేది. పోయిన ఎండాకాలం నీళ్లు లేక జింకలు కొండ దాటి వెళ్లిపోయాయి. మళ్లీ అదే జరిగితే మిగిలినవాళ్లూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

ప్రతి చలికాలం ఆ అడవికి దూరదేశపు బాతులు వచ్చేవి. మంచుకొండలు దాటి వచ్చే పెద్ద బాతులు. మనసున్నవి. పేద అడవి కదా అని ముక్కులతో వరికంకులు తెచ్చి పెట్టేవి.

వాటికి ఎదురెళ్లే పని కొండముచ్చు తోకయ్యది. ఆ పెద్దరికం అతనికి ఎవరూ ఇవ్వలేదు. అందరికంటే ఎత్తు కొమ్మ మీద కూర్చుంటాడు కాబట్టి వచ్చేవాళ్లు ముందు అతనికే కనిపిస్తారు! బాతులు కనపడగానే కిందికి కేక వేసేవాడు.

"పడుకోండర్రా! కడుపులు లోపలికి పీల్చండి! ఒరే చెవులపిల్లీ, నువ్వు కుంటు!"

మొదటి ఏడు అందరూ పడుకుని మూలిగారు. కంకులు వచ్చాయి, అయిపోయాయి. రెండో ఏడు ఇంకాస్త గట్టిగా మూలిగారు. ఇంకాసిన్ని వచ్చాయి. అవీ అయిపోయాయి. ఏడవడం నేర్పినందుకు తోకయ్య తన వంతు మాత్రం ముందే తీసుకునేవాడు.

మూడో ఏడు ముళ్లపంది సూదమ్మ ఊరుకోలేదు. ఆమెవి చంటిపిల్లలు. కొండ దాటే సత్తువ వాళ్ల కాళ్లకు లేదు.

"వంకకు అడ్డంగా కట్ట వేద్దాం. వాన నీళ్లు ఆగుతాయి" అంది.

తను తవ్వింది. చెవులపిల్లి మట్టి ఎగదోసింది. అడవిపంది రాళ్లు దొర్లించాడు. కట్ట లేచింది. ఒక్కటే లోపం. గరుసు మట్టి కదా, చిన్న వానకే నీళ్లన్నీ కట్టలోంచి కారిపోయాయి. ఇంకేం చెయ్యాలా అని అందరూ తల పట్టుకున్న వేళ, ఆకాశంలో బాతుల వరస కనిపించింది.

"కొంప మునిగింది!" అని అరుస్తూ కొమ్మ దిగాడు తోకయ్య. "ఆ కట్ట చూశారంటే మనకు ఒంట్లో ఓపిక ఉందని తెలిసిపోతుంది. ఒక్క కంకి కూడా పెట్టరు. తొక్కేయండి దాన్ని! చదును చేసేయండి!"

విన్నారా పిల్లలూ! చెమటోడ్చి చేసిన పనిని దాచుకోవాలట! అదేమైనా దొంగసొత్తా?

చెవులపిల్లి కాలెత్తనే ఎత్తింది. పాపం, ఆకలి అలాంటిది. సూదమ్మ గబగబా కట్టెక్కి ముళ్లన్నీ నిక్కబొడుచుకుని నిలబడింది.

"తొక్కండి! ముందు నన్ను తొక్కి, ఆ తర్వాత కట్టను తొక్కండి."

ఆ ముళ్లు చూసి అడవిపంది వెనక్కి జరిగాడు. "పెద్దవాడివి, ముందు నువ్వు తొక్కు బావా" అన్నాడు. తోకయ్య తన పాదాలు ఒకసారి చూసుకుని మళ్లీ కొమ్మెక్కేశాడు.

బాతులు దిగాయి. వాటి పెద్ద, తలమీద నల్లచారలున్న చారలమ్మ, చుట్టూ చూసింది.

"ఈ ఏడు ఎవరూ పడుకోలేదే! బాగున్నారా?"

"బాగాలేరు తల్లీ! పోయేలా ఉన్నారు!" అన్నాడు తోకయ్య పైనుంచి. "ఒరే చెవులపిల్లీ, కుంటవేంరా?"

"ఏ కాలు కుంటాలో మర్చిపోయాను మామా!"

బాతులు ఫక్కున నవ్వాయి. సూదమ్మ నవ్వలేదు. నిజం చెబితే కంకులూ దక్కవేమో. అయినా చెప్పింది.

"అమ్మా, రెండేళ్లూ మీ ముందు నాటకమాడాం. తప్పే. ఇదిగో, ఇది మేం వేసిన కట్ట. నీళ్లు ఆగడం లేదు. మాకు కంకులొద్దు. బంకమన్ను ఎక్కడ దొరుకుతుందో చెప్పండి చాలు."

చారలమ్మ కట్ట ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచింది. ముక్కుతో పొడిచి చూసింది. ఆమె కళ్లు మెరిశాయి.

"తప్పు మాదీ ఉందమ్మా. ఏం కావాలని మేం ఎన్నడూ అడగలేదు. తోచింది పెట్టి ఎగిరిపోయాం. మేం రాత్రి పడుకునే చెరువు నిండా బంకమన్నే. మూడు కొండల అవతల. మీ కాళ్లకు దూరం గానీ మా రెక్కలకు కాదు. తేవడం మా వంతు, మెత్తడం మీ వంతు."

ఇక చూడాలి సందడి! బాతులు ముక్కులనిండా మన్ను తేవడం, సూదమ్మ పిల్లలు దాన్ని పిసకడం, అడవిపంది మెత్తడం. మెత్తిన మన్ను గట్టిపడాలంటే తొక్కాలి కదా? బాతుల పాదాలు పలకల్లా ఉంటాయి. వరసగా నిలబడి తపతపా తొక్కాయి.

"మామా! కట్ట తొక్కమన్నావుగా! దిగిరా, తొక్కుదువుగానీ!" అని పిలిచింది చెవులపిల్లి.

తోకయ్య సిగ్గుపడుతూనే దిగాడు. సాయంత్రానికి తోకదాకా బురదే. కంకులు పంచినప్పుడు కూడా అతని ముఖం అంత వెలగలేదు.

వానలొచ్చాయి. వంక ఆగింది. కట్ట వెనక కుంట నిండింది. దాని చుట్టూ పచ్చిక మొలిచి, చెట్లు కాయలు కాశాయి. కప్పలు గోల చేశాయి. ఆ గోల కొండ అవతలికి వినపడిందో ఏమో, జింకలు తిరిగొచ్చాయి.

మళ్లీ చలికాలం. మళ్లీ బాతుల వరస. తోకయ్య పాత అలవాటుకొద్దీ "తల్లీ, ఆకలి..." అని మొదలుపెట్టాడు. బ్రేవ్ మని త్రేన్పు వచ్చింది. అందరూ పడీపడీ నవ్వారు.

సూదమ్మ ఎదురెళ్లింది. "రండమ్మా! ఈసారి మీకేం కావాలో చెప్పండి."

"మంచుకొండలు దాటి ఒళ్లు హూనమైంది తల్లీ. కాసేపు మీ నీళ్లలో దిగనిస్తారా?"

"అడగాలా? ఆ కట్టలో మీ మన్ను లేదూ!"

బాతులన్నీ ఒక్కసారిగా కుంటలోకి దూకాయి. గట్టుమీదున్న వాళ్లంతా తడిసి ముద్దయ్యారు.

నీతి: ఏడుపు చూపించి తెచ్చుకున్నది ఏడుపున్నంత కాలమే వస్తుంది, చేసిన కష్టం చూపించి అడిగిన సాయం కట్టలా నిలుస్తుంది.